నిండుకున్న దేశం

మూడో దిబ్బ, నీళ్ళ మిల్లు డైరీ

వైశాఖ శుద్ధ పంచమి. ఉప్పు: కొంచెం.

ఈ డైరీలో నీళ్ళ రుచీ పంపు ఒత్తిడీ తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలో అచ్చేసి ఉంది. అచ్చేసినవాళ్ళు ఇటు తొంగిచూసి చాలా కాలమైంది. తనిఖీ పడవ ఇంజనుకి ఏదో విడిభాగం దొరక్క పెద్ద దిబ్బ రేవులోనే కూర్చుందట. కాబట్టి నా ఇష్టం.

పంపు బాగానే ఉంది. నీళ్ళే బాగాలేవు. నాలిక మీద చప్పగా మొదలై మింగేటప్పుడు గొంతు గీరుతున్నాయి. జల్లెడ ముసలిదైంది. జల్లెడంటే పిండి జల్లించేది కాదు. సముద్రపు నీళ్ళని దానిలోంచి తోస్తే ఉప్పుని అవతల ఆపేసి మంచినీళ్ళని ఇవతలికి వదిలే సన్నని పొరల చుట్ట. అది సముద్రానికి అవతలున్న గట్టు దేశంలో తప్ప ఎక్కడా తయారుకాదు. ఇప్పుడున్నది గవర్రాజు వెళ్ళేముందు బిగించిపోయాడు.

గవర్రాజంటే నా మొగుడు. మా మేనత్త కొడుకు. ఇంట్లో బావా అంటానే గానీ పేరు పెట్టి పిలవను. పిలిస్తే అత్త నా వీపు విమానం మోత మోగిస్తుంది. డైరీలో రాస్తే ఎవరూ ఏమీ అనరు. గవర్రాజు. ఇంకోసారి రాస్తాను. గవర్రాజు.

కొత్త జల్లెడలు తెస్తానని పోయిన కార్తీకంలో గట్టుకి వెళ్ళాడు. కొన్నాడు, పడవకెక్కించబోయాడు. ఆ పూటే రెండు దేశాల మధ్యా సరుకుల రాకపోకల మీద కట్టడి పడింది. అప్పట్నించీ జల్లెడలు గట్టు రేవు గోడౌనులో ఉన్నాయి, వాటి పక్కన చాప వేసుకుని ఆయన ఉన్నాడు. మబ్బు పట్టని రోజున మిల్లు మెట్ల మీంచి చూస్తే ఆ గోడౌను రేకులు మెరుస్తూ కనబడతాయి. ఈ రోజు మబ్బు పట్టలేదు. పని మానేసి చాలాసేపు చూశాను.

వైశాఖ శుద్ధ దశమి. ఉప్పు: కొంచెం కంటే ఎక్కువ.

శుక్రవారం కదా, పొద్దున్నే చెవి పలికింది.

చెవి అంటే ఇంటింటికీ, ఆఫీసు ఆఫీసుకీ గోడకి బిగించిన యంత్రం. మాది పదమూడు దిబ్బల దేశం. కాగితాల మీద సాగర గణరాజ్యం అని ఘనమైన పేరుంది గానీ, సముద్రం పైకొచ్చి మింగాక మిగిలినవి దిబ్బలే కాబట్టి అందరూ దిబ్బలనే అంటారు. 'నా దిబ్బ' అని విసుక్కుంటే గట్టువాళ్ళకి అది తిట్టు, మాకు చిరునామా. వాళ్ళు మా నాచునూనె మీద సుంకం పెంచారు. మావాళ్ళు రోషానికి పోయి వాళ్ళ బియ్యం వద్దన్నారు. వాళ్ళు జల్లెడలు ఆపారు, మేం ఉప్పు ఆపాం. చివరికి ఎవరికి నిజంగా ఏది కొరతో ఆ సరుక్కి మాత్రం దారి తెరుద్దామని ఒప్పుకున్నారు. ఆ కొరత నిజమో కాదో చెప్పడానికి ఎవరి మనిషిని ఇంకొకరు నమ్మలేదు. అందుకని ఎక్కడో దూరదేశంలో చేసిన చెవుల్ని తెచ్చి రెండు వైపులా బిగించారు. పుస్తకాలు చదివించి వాటికి తెలుగు నేర్పారట. మాట వింటేనే తెలుస్తుంది.

"గృహపు పెద్ద పలుకవలెను. ఇంట ఎవరెవరు ఉన్నారు?"

అత్త మంగాయమ్మ మా ఇంటికి పెద్ద. చెవి ఆవిడ గొంతు తప్ప ఇంకొకరి గొంతు ఒప్పుకోదు. ఆవిడ కొంగు సర్దుకుని, ఎవరో పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చినట్టు నిలబడి చెప్పింది.

"అందరం చల్లగా ఉన్నాం నాయనా."

"నమోదైనది."

తర్వాత మిల్లుకి వచ్చాను. ఇక్కడి చెవికి నా గొంతు అలవాటు. "జల్లెడల నిల్వ తెలుపవలెను" అంది.

"నిండుకున్నాయి" అన్నాను. చెవి బిగించినప్పట్నించీ ప్రతి శుక్రవారం ఇదే చెప్తున్నాను.

"నమోదైనది."

నమోదు మాత్రం ఏ లోపం లేకుండా జరుగుతోంది. జల్లెడే రాదు.

వైశాఖ పౌర్ణమి. ఉప్పు: తెలుస్తోంది.

ఈ రోజు కోసం నెలంతా ఎదురుచూస్తాను. పౌర్ణమికి పౌర్ణమికి సరుకుల లైను తెరుస్తారు. సరుకు కొన్నవాళ్ళూ కాపలా ఉన్నవాళ్ళూ రేడియోలో కాసేపు మాట్లాడుకోవచ్చు. సరుకు మాటలే మాట్లాడాలి. వేరే మాట దొర్లితే చెవి లైను తెంచేస్తుంది.

"సరుకు ఎలా ఉంది?" అన్నాడు. నా గురించే.

"బాగానే ఉంది. ఎండకి కొంచెం నల్లబడింది. అక్కడి సరుకో?"

"కొంచెం చిక్కింది. ఊరికే నిలవుండిపోతే చిక్కదా మరి? పాత సరుకు ఎలాగుంది?" అంటే వాళ్ళమ్మ.

"గట్టిగానే ఉంది. పొద్దస్తమానం నన్ను తిడుతుంది."

"సరుకు తిట్టదు" అని చెవి మధ్యలో దూరింది. "వివరణ ఇవ్వవలెను."

"మూత ఒదులై చప్పుడు చేస్తోందండీ" అన్నాను. ఒప్పుకుంది. అవతల ఆయన నోరు మూసుకుని నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ నవ్వు ఎలా ఉంటుందంటే, ముందు భుజాలు కదులుతాయి, తర్వాత గానీ గొంతు రాదు. రేడియోలో భుజాలు కనబడవు కదా. ఏడుపొచ్చింది.

టైము అయిపోతుండగా ఉన్నట్టుండి "మాణిక్యం" అన్నాడు.

లైను తెగుతుందని కళ్ళు మూసుకున్నాను. తెగలేదు.

"మాణిక్యం. రత్నాల పద్దు. ఎన్ని?" అంది చెవి.

"ఒక్కటే" అన్నాడు.

నా పేరు పెట్టిన మా నాన్న ఏ లోకంలో ఉన్నా చల్లగా ఉండాలి. నాకూ ఆయన్ని పేరు పెట్టి పిలవాలనిపించింది. అలవాటు లేని నోరు, సరే. పిలుద్దామన్నా ఆ పేరుతో లోకంలో ఏ సరుకూ లేదు.

వైశాఖ బహుళ ద్వాదశి. ఉప్పు: బాగా.

టీ పెడితే విరిగిపోయింది. పిల్లల పెదాలు పగులుతున్నాయి. బడిలో గొంతు నొప్పి అనని పిల్ల లేదు. సూరిబాబుది నాలుగో వీధి. కొబ్బరిపీచుతో జల్లెడలు అల్లి 'మన దిబ్బ, మన జల్లెడ' అని బోర్డు కట్టాడు. గట్టు జల్లెడలు రానంతకాలం అతనికి పోటీ ఎవరు? అతని జల్లెడ ఒకటి బిగించి చూశాను. ఉప్పుని ఆపలేదు సరికదా, పీచు కూడా నీళ్ళలోకి వదిలింది. అతను మాత్రం మేడ మీద మేడ వేస్తున్నాడు. కట్టడి ఇంకా పదేళ్ళుండాలని మొక్కుకున్నాడని చెప్పుకుంటున్నారు.

రేవులో నాచునూనె పీపాలు మనిషెత్తు పేరుకున్నాయి. కొనేవాళ్ళు గట్టు మీదే ఉన్నారు మరి. నూనె తీసేవాళ్ళకి పని పోయింది. వాళ్ళకి కూలి లేక చేపలమ్మేవాళ్ళకి బేరం పోయింది. చేపలమ్మేవాళ్ళు వలలు కొనక వలలల్లేవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని ఆకాశంకేసి చూస్తున్నారు. ఉప్పు కొటార్లు మొన్నటి వానకి కరిగి దారి పట్టాయి. దారంతా తెల్లగా ఉంది, నడిస్తే పాదాలు మండుతున్నాయి.

ఇదంతా ఒక ఎత్తు. ఈ పూట వచ్చిన ఉత్తరువు ఒక్కటీ ఒక ఎత్తు. మూడో దిబ్బ మిల్లులో జల్లెడలు మిగులుగా ఉన్నాయి కాబట్టి, వాటిలో సగం వెంటనే అయిదో దిబ్బకి పంపాలట. చదివి, తిరగేసి, మళ్ళీ చదివాను. వేరే మిల్లుకి రావలసింది నాకు వచ్చిందేమో అనుకున్నాను. పేరు నాదే. రేపు సుంకం ఆఫీసుకి వెళ్ళి కామేశం గారితో పోట్లాడాలి.

వైశాఖ బహుళ త్రయోదశి. ఉప్పు: బాగా.

పోట్లాడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కామేశం గారు మా దిబ్బకి సుంకం అధికారి. మెతక మనిషి. సరుకే రాని రేవులో సుంకం అధికారికి పనేముంటుంది, కిటికీలో పిచుకలకి నూకలు వేస్తూ కూర్చున్నారు. ఉత్తరువు బల్ల మీద పెట్టాను.

"ఉన్న ఒక్కటీ చస్తూ బతుకుతోందండీ. సగం పంపాలంటే దాన్నే కొయ్యాలి. కోసి ఇవ్వమంటారా?"

"కూర్చోమ్మా, కూర్చో. ఎండన పడొచ్చావు. టీ ఇద్దామంటే పంచదార నిండుకుంది" అన్నారాయన నొచ్చుకుంటూ.

గోడ మీద చెవి టింగుమంది.

"పంచదార: నిండుగా. నమోదైనది."

ఇద్దరం గోడకేసి చూశాం. తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన లేచి, చెవి దగ్గరికి వెళ్ళి, మెల్లగా అన్నారు.

"టీపొడి నిండుకుంది."

"టీపొడి: నిండుగా. నమోదైనది."

"నూలు నిండుకుంది."

"నూలు: నిండుగా."

ఇంట్లో ఏ వస్తువూ అయిపోయిందనకూడదని, నిండుకుందనాలని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. ఆ మాటకి అర్థం ఏమిటో పదమూడు దిబ్బల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఈ చెవిని ఎవరూ పెంచలేదు. పుస్తకంలో నిండు అంటే నిండే.

కామేశం గారు దేశం మొత్తం నిల్వలు తెర మీదికి రప్పించారు. బియ్యం నిండుగా. మందులు నిండుగా. వలతాళ్ళు, దీపాల బిళ్ళలు, పసిపిల్లల పాలపొడి, అన్నీ నిండుగా. కొరత అన్న గడిలో ఒక్క పేరు కూడా లేదు.

"లెక్కలో మనంత కలిగినవాళ్ళు భూమ్మీద లేరమ్మా" అని నవ్వబోయి ఆగిపోయారు. కుర్చీలో కూలబడ్డారు. "మా ఆవిడ ఆయాసం మందు నిండుకుందని ఆర్నెల్లుగా చెప్తున్నాను. ఈ నోటితోనే."

నా నోరూ అలాంటిదే. మొగుణ్ణి ఆవల గట్టున కూర్చోబెట్టింది కట్టడి ఒక్కటే అనుకుని ఇన్నాళ్ళూ దాన్ని తిట్టాను. అందులో సగం పని నా మర్యాదే చేసింది.

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి. ఉప్పు: చాలా.

కామేశం గారు మా రాజధాని పెద్ద దిబ్బకి రాశారు. జవాబు తొందరగానే వచ్చింది. దేశం సమృద్ధిగా ఉన్నదన్న నమోదును ఎవరూ చెడగొట్టరాదని. కట్టడి మన వెంట్రుక కూడా కదపలేకపోయిందని పెద్దలు ఈపాటికే సభల్లో చెప్పేశారట. అటు గట్టు పెద్దలు కూడా అవే లెక్కలు చూపించి, కట్టడి వల్ల ఎవరికీ నష్టం లేదంటున్నారట. ఈ ఒక్క విషయంలో రెండు దేశాలకీ మంచి పొత్తు కుదిరింది.

"నేను చెప్పమనీ అనను, చెప్పొద్దనీ అనను" అన్నారు కామేశం గారు. "మిల్లు నిల్వ చెప్పే హక్కు నీది."

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. బియ్యం గింజలకంటే రాళ్ళే ఎక్కువ.

"లేవు అంటావా?" అంది. "మగోడు నీళ్ళవతల ఉండగా, ఇంటి కోడలివి, నోరు తెరిచి లేవు అంటావా? మాటకి బలముంటాదే. ఆ మాట ఊరుకోదు, ఇంకోటి కూడా పట్టుకుపోద్ది."

"నిండుకున్నాయంటే చెవికి అర్థం కావట్లేదత్తా."

"దానికి అర్థం కాపోతే దాని కర్మ. మన నోరు మనం పాడుచేసుకుంటామా?"

నాకూ భయమే. ఆవిడ పెంపకంలోనే పెరిగాను. దీపం కొండెక్కిందంటానే గానీ ఇంకో మాట అనను. మిల్లుకి వచ్చి చెవి ముందు నిలబడ్డాను. జల్లెడల నిల్వ తెలుపవలెనంది. అలవాటైన మాట నాలిక చివరిదాకా వస్తే మింగేశాను. మళ్ళీ అడిగింది. ఉప్పునీళ్ళు ఒక గుక్క తాగాను. ఆ గుక్కే ధైర్యమిచ్చింది.

"లేవు" అన్నాను. "ఒక్కటి కూడా లేదు."

అన్నాక చుట్టూ చూశాను, ఏదైనా పడుతుందేమోనని. ఏమీ పడలేదు. పంపు ఎప్పటిలాగే దగ్గుతోంది.

"జల్లెడలు: కొరత. నమోదైనది. దారి తెరవబడును. సరుకు కాపరి వెంట వచ్చును."

సరుకు కాపరి. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను.

జ్యేష్ఠ శుద్ధ నవమి. ఉప్పు: లేదు.

వచ్చాడు.

పడవ కనబడగానే మెట్లు దిగి రేవులోకి పరిగెత్తాను. ఉప్పు దారిలో చెప్పు ఊడిపోతే వదిలేశాను. దిగాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు వినబడింది. మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"సరుకు కొంచెం చిక్కిందన్నావు, ఇదా బావా కొంచెం?"

"సరుకు నల్లబడిందన్నావు. మరీ ఇంతనుకోలేదు" అన్నాడు.

జనం చూస్తున్నారు. చూడనీ. చెయ్యి పట్టుకుని మిల్లు దాకా వదల్లేదు.

జల్లెడ ఇద్దరం కలిసి బిగించాం. చుట్ట ఆయన పట్టుకుంటే మరలు నేను తిప్పాను. మొదటి గ్లాసు అత్తకి ఇచ్చాం. ఆవిడ తాగలేదు, కొడుకు చేత తాగించి, మిగిలింది తను తాగింది. బయట బిందెల వరస వీధి చివరిదాకా ఉంది. తాగినవాళ్ళు తాగినట్టే మాట్లాడకుండా వెళ్తున్నారు. ఇన్నాళ్ళకి నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి.

అన్నం తింటూ గట్టు కబుర్లు చెప్పాడు. జల్లెడల ఫ్యాక్టరీ మూసేశారట. కొనేది మేమే కదా, మేం కొనకపోతే ఎవరికి చేస్తారు. గోడౌను పక్కన బుల్లెమ్మ గారని ఒక పెద్దావిడ ఉందట, ఇన్నాళ్ళూ ఆవిడే పిలిచి ముద్ద పెట్టింది.

"ఉప్పు లేకుండా తింటన్నారు అక్కడ. అలవాటైపోయిందంటారు గానీ, ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగుతారు, ఉప్పు తగులుద్దేమోనని. చెవికి ప్రతివారం ఉప్పు నిండుకుందని చెప్తానే ఉందావిడ."

నేను ముద్ద కిందపెట్టాను. ఇక్కడ మా ఉప్పు వానకి కొట్టుకుపోతోంది.

"ఇంక నువ్వు కదలకు. ఇంట్లోనే ఉండు" అంది అత్త.

ఆయన కంచంలో వేలితో గీతలు గీశాడు. "రేపు పాటుకి ఎల్లాలే అమ్మా" అన్నాడు.

జ్యేష్ఠ శుద్ధ దశమి. ఉప్పు: లేదు.

సముద్రం వెనక్కి తగ్గగానే వెళ్ళిపోయాడు.

ఏమైందో రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ రాస్తాను. గట్టు రేవులో పడవెక్కేటప్పుడు బుల్లెమ్మ గారు ఏడ్చిందట. ఆవిడ దగ్గర సెలవు తీసుకుంటూ, మనందరం అనేదే, "ఎల్లొత్తానండి" అన్నాడట. గేటు దగ్గర చెవి విన్నది. "తిరుగు ప్రయాణం: నమోదైనది" అంది. వెళ్తానన్నవాడు ఒక్కసారికి వెళ్తాడు. వెళ్ళొస్తానన్నవాడు వెనక్కి రావాలి. రాకపోతే మాట తప్పినట్టు. మూడో దిబ్బకి తెరిచిన దారి మూసేస్తారు. ఈ విడత పంపింది ఒక్కటే, తక్కిన జల్లెడలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒక్క దానితో ఊరు వానాకాలం కూడా దాటదు.

"చెవి వింటుందని తెలిసుండి ఎందుకన్నావు?" అని అరిచాను.

"అంత తిండి పెట్టిన మనిషికి పోతన్నానని ఎలా చెప్తానే?" అన్నాడు.

నిజమే. నేనైనా అనలేను.

కామేశం గారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన నిబంధనలన్నీ తిరగేశారు. ఇంటి మనిషి కొరతగా ఉంటే అతన్ని శాశ్వతంగా రప్పించుకోవచ్చునట. అది సరుకుల దారి కంటే గట్టిదట, తిరుగు ప్రయాణం కూడా దాని ముందు చెల్లదట. నా ప్రాణం లేచి వచ్చింది. ఆయన మా ఇంటి పేజీ తీశారు. తీసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ప్రతి శుక్రవారం అందరూ ఉన్నారని ఉందమ్మా. లెక్కలో ఇతను మొదట్నించీ ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నవాణ్ణి రప్పించడం ఎలా?"

మార్చాలంటే గృహపు పెద్దే చెప్పాలి. చెప్పవలసిన మాట ఒక్కటే. కొడుకు లేడు. ఆ మాట ఏ ఇంట్లో ఎప్పుడంటారో చెవికి తెలియదు.

పడవ దగ్గర బావ నా చెవిలో చెప్పాడు. "అమ్మని అడక్కు. అనలేదు. నువ్వడిగితే కుమిలిపోద్ది. నేను అక్కడ బుల్లెమ్మగారి చేత ఉప్పు లేదని అనిపిత్తాను. దారులు మెల్లగా తెరుచుకుంటాయి, చూద్దాం."

పడవ కదిలాక, ఈ రేవు చెవికి వినబడేలా గొంతు చించుకుని "ఎల్లొత్తానూ" అని అరిచాడు. నమోదైనదంది. అది తెరవని దారిలో ఎలా వస్తాడో మాత్రం చెప్పలేదు.

అత్త రేవుకి రాలేదు. ఇంటికెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "అన్నావుగా ఆ మాట. వచ్చినట్టే వచ్చి పోయాడు" అంది. ఆయన వదిలేసిన తువ్వాలు మడతపెట్టకుండా తలకింద పెట్టుకున్నాను.

జ్యేష్ఠ పౌర్ణమి. ఉప్పు: లేదు.

ఈ వారమంతా కామేశం గారి వరండా బడిలా ఉంది. దిబ్బలోని ఆడాళ్ళందరికీ ఆయన ఒకే పాఠం చెప్తున్నారు. బియ్యం లేవు అనమంటే ఒకావిడ దగ్గుతుంది. ఇంకొకావిడ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ముందు ఆయనే చెవి దగ్గరికి వెళ్ళి, "మా ఆవిడ మందు లేదు" అన్నారు. అన్నాక కిటికీ దగ్గరికి వెళ్ళి పిచుకలకి నూకలు వేశారు. మొన్న ఆ మందు వచ్చింది. దాంతో తక్కినవాళ్ళకి నోరు లేచింది. పెద్ద దిబ్బ నుంచి కోపంగా తంతి వచ్చింది. ఆయన దాన్ని పిచుకల నూకల డబ్బాకి మూతగా పెట్టారు.

అత్త ఆ వరండాకేసి కూడా చూడలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం ఒకే కంచంలో తిని, మాటలు కరువైన ఇంట్లో మెసిలాం.

ఇవాళ శుక్రవారం. చెవి పలికింది.

"గృహపు పెద్ద పలుకవలెను. ఇంట ఎవరెవరు ఉన్నారు?"

అత్త తలస్నానం చేసి ఉంది. దేవుడి గూటి ముందు దీపం ముందే వెలిగించింది. వచ్చి నిలబడింది. కొంగు సర్దుకుంది. నేను గిన్నెలు తోమడం ఆపలేదు. ఆపితే ఆవిడ నన్ను చూసి ఆగిపోతుందేమోనని.

"నేనున్నాను. కోడలుంది" అంది. తర్వాత చాలాసేపు ఊపిరి వినబడింది. "నా కొడుకు…"

చెవి ఎదురుచూసింది.

"నా కొడుకు లేడు. గవర్రాజు లేడు. ఇంట్లో లేడు."

గిన్నె నా చేతిలోంచి జారింది.

"గవర్రాజు: కొరత. నమోదైనది. దారి తెరవబడును."

ఆవిడ రెండు చెంపలూ వాయించుకుంటూ దేవుడి గూటి దగ్గర కూలబడింది. వెళ్ళి పట్టుకున్నాను.

"నోరు కడుక్కుంటానే. నీళ్ళియ్యి" అంది.

కొత్త జల్లెడ నీళ్ళు గ్లాసుతో ఇచ్చాను. నోట్లో పోసుకుని పుక్కిలించింది. ఉమ్మడానికి పెరటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడిపోయి, మింగేసింది.

"వాడు తెచ్చిన నీళ్ళు పారబొయ్యకూడదు" అంది.

సాయంత్రం సరుకుల లైను తెరిచారు. అత్తని పక్కనే కూర్చోబెట్టుకున్నాను. బావ గొంతు వచ్చింది.

"సరుకు ఎలా ఉంది?"

"ఇక్కడొకటి కొరతగా ఉంది" అన్నాను.

"ఏంటది?"

అత్త నాకేసి చూసింది. అనమన్నట్టు తలాడించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నోటితో అనని మాట అది. మొహం వేడెక్కింది.

"గవర్రాజు" అన్నాను.

ఎందుకన్నానో ఆయనకి అర్థమైందని తెలుస్తూనే ఉంది. తన తల్లి ఏ మాట అన్నదో కూడా అర్థమై ఉంటుంది.

లైను తెగలేదు. చెవి పద్దులు వెతుక్కున్న చప్పుడైంది.

"గవర్రాజు. కొరత పద్దు" అంది. "ఎన్ని?"

"ఒక్కడే" అన్నాను.